కొడవలి వంపుకి ముప్పై రెండు కత్తిపీటలు

మజిలీ 209
తూకపు గుండు: రెండు వేళ్ళు.

ఈ పుస్తకంలో పనికొచ్చేవి మాత్రమే రాయాలని ప్రెసిడెంటు గారి ఆజ్ఞ. ఏది పనికొస్తుందో తేల్చాల్సింది కమాను మేస్త్రి, అంటే నేను. కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

ఈ రోజు ఊరు ముప్పై మైళ్ళు నడిచింది. మమ్మల్ని వెంటాడే ఎండ గీత మాకు రెండు రోజుల వెనకాల ఉంది, అది అందుకుంటే ఊరు మాడిపోతుంది. తోక వీధిలో ఆరేసిన అప్పడాలు గంటలో ఫెళఫెళలాడిపోయాయి కాబట్టి రేపటి నుంచి కాస్త వేగం పెంచమని చెప్పాలి. మధ్యాహ్నం ఊరు ఆగాక, అందరూ అన్నాలు తింటుంటే నేను ఊరి కిందకి దూరాను. ఇంటికొక ఇరుసు, ఇరుసుకి కుదుపు మింగే రెండు కమాను కట్టలు, కట్టకి తొమ్మిది ఇనుప పట్టీలు. ముప్పై రెండు ఇళ్ళూ, వాటిలోని రుబ్బురోళ్ళూ, ఊరగాయ జాడీలూ, అత్తగార్లూ, అంతా ఆ పట్టీల మీదే ఊగుతుంది. ధూళి కాలం కదా, కట్టలన్నిటికీ గ్రీజు పూసి గోనె చుట్టించాను. గోనె మీద సుత్తితో తడితే పరుపు మీద కొట్టినట్టు ఉంటుంది, లోపల ఏముందో తెలియదు. అయినా అలవాటు కొద్దీ అరవై నాలుగూ తట్టాను.

చావడిలో వేలాడే తూకపు గుండు వంపుల్లో రెండు వేళ్ళు పక్కకి వెళ్ళింది. అది మామూలే. ఎనిమిదో వేలు దగ్గర మా నాన్న గీసిన ఎర్ర గీత ఉంది. గుండు ఆ గీత దాటితే ఊరు పక్కకి పడుకుంటుంది, ఇంక లేవదు. ఆయన హయాంలో గుండు ఐదు దాటలేదు, నా హయాంలోనూ దాటలేదు. ఆ ఐదు కూడా కొడవలి వంపు దగ్గరే. అక్కడ రోడ్డు కొండ వైపుకి వాటంగా కాకుండా లోయ వైపుకి ఏటవాలుగా ఉంటుంది. మామూలు వంపుల్లో ఎంత వాలతామో అక్కడ రెండింతల పైన వాలతాం. ఈ ఏడు మజిలీ 219న ఆ వంపు తగులుతుంది.

మేస్త్రి ఇల్లు తోక చివరన ఉండాలని ఊరి ఆచారం. కమాన్లు సరిగ్గా లేకపోతే ముందు మేస్త్రి నడుమే విరగాలని పెద్దల ఆలోచన. ఆ పెద్దలకి నడుములు లేవని నా అనుమానం. నాకు ఉంది, అది ముప్పై ఏళ్ళుగా నొప్పి పెడుతోంది. చిత్రంగా, ఈ పది రోజులుగా పెట్టడం లేదు.

మా ఆయన పేర్రాజు కొత్త కత్తిపీట చేయించి తెచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నా కోసం అడగకుండా తెచ్చిన మొదటి వస్తువు ఇదే. వంకాయ పెడితే తెగిన సంగతి వంకాయకే తెలియలేదు. కత్తికి మధ్యలో గుండ్రటి చిల్లు ఒకటుంది. ఎందుకని అడిగితే "మేకుకి తగిలించుకోవచ్చని" అన్నారు. ఎంత ముందుచూపో అని మురిసిపోయాను.

మజిలీ 211
తూకపు గుండు: మూడు వేళ్ళు.

వేలు పెరిగింది. గాలి వల్ల అయ్యుంటుంది.

మధ్యాహ్నం ప్రెసిడెంటు వర్ధినీడి కొండలరావు గారు స్వయంగా తోక వీధికి వచ్చారు. తోక వీధికి ఆయన రావడం ఎన్నికల తర్వాత ఇదే మొదలు. చేతిలో నిండా మజ్జిగ ఉన్న గ్లాసు.

"చూశారాండి మేస్త్రిగారూ! ముందర వీధి నుంచి ఇక్కడి దాకా, ఊరు నడుస్తుండగానే వచ్చానండి. ఒక్క చుక్క తొణికితే ఒట్టండి! ఏం మాయ చేశారండి బాబూ?"

ఏటా ఊళ్ళన్నీ కలిసే చోట తొణకని గ్లాసు పందెం జరుగుతుంది. చావడిలో అంచు దాకా మజ్జిగ పోసిన గ్లాసు పెట్టి, ఊరిని గుంతల రోడ్డు మీద నడిపిస్తారు. ఎవరి గ్లాసులో ఎక్కువ మిగిలితే వారిదే కప్పు. పోయినేడు ఐదో నంబరు ఊరు గెలిచింది. అప్పటి నుంచి కొండలరావు గారికి అన్నం సహించడం లేదు. మనిషి మాత్రం చిక్కలేదు.

నేను ఏ మాయా చేయలేదు. ఆ మాట చెప్పాల్సింది. కానీ నన్ను ఎవరైనా మెచ్చుకుని చాలా కాలమైంది.

"కొత్త గ్రీజండి," అన్నాను. "పాళ్ళు నేనే కలిపాను."

మజిలీ 213
తూకపు గుండు: మూడున్నర.

నడిమి వీధిలో తలుపులు పట్టేస్తున్నాయి. ఏడో ఇంటి తలుపు తెరుచుకోక ఆవిడ కిటికీలోంచి దిగి నీళ్ళకి వెళ్ళింది. పద్నాలుగో ఇంటి తలుపు అసలు పడటం లేదు. ఊరి కింద ముందు నుంచి తోక దాకా పోయే రెండు ఛాసిస్ దూలాలూ తిన్నగా ఉంటేనే పైన గుమ్మాలు మూలమట్టంగా ఉంటాయి. ఒకచోట కమాను గట్టిగా, పక్కన మెత్తగా ఉంటే దూలం తడిగుడ్డలా మెలి పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా వడ్రంగిని పిలిపించి తలుపులు చిత్రిక పట్టమన్నాను, ఎందుకంటే కొత్త గ్రీజు కలిపినందుకు రేపు నాకు సన్మానం.

సాయంత్రం బుల్లెబ్బాయి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. ఊరి స్టీరింగు పట్టుకునేది అతనే. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాడు, నోరు విప్పడం తక్కువ.

"అమ్మా, స్టీరింగు తిప్పితే ఊరు వెంటనే తిరగట్లేదండి."

"మరి?"

"కాసేపు ఆలోచించుకుంటోందండి. ఆ తర్వాత తిరుగుతోంది. తిరిగాక ఆపుదామంటే ఆగదు. ఇటు వాలి, అటు వాలి, సర్దుకోడానికి ఫర్లాంగు పడుతోంది. ముందర వీధిలో ఇద్దరికి వాంతులండి."

"వాళ్ళు తిన్నదేదో పడలేదేమోనయ్యా."

"నేనూ కక్కుకున్నానమ్మా," అన్నాడు బుల్లెబ్బాయి, తల వంచుకుని.

మజిలీ 214
తూకపు గుండు: ఐదు.

నాకు శాలువా కప్పారు. "మా ఊరిని ఉయ్యాల చేసిన తల్లి" అని కొండలరావు గారు ముప్పావు గంట మాట్లాడారు. ఉపన్యాసం మధ్యలో ఒక చిన్న వంపు వచ్చి సభ మొత్తం ఎడమకి ఒరిగింది, మళ్ళీ కుడికి ఒరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం దండల మధ్య నుంచి గుండు వైపు చూస్తున్నాను. మామూలు వంపులో ఐదు. అంటే కొడవలి వంపులో పది దాటుతుంది, ఎర్ర గీత ఎనిమిది దగ్గరే ఉంది.

సన్మానం పూట ఊరంతా ఒకచోట వండుకోవడం మా అలవాటు. ఎవరి కత్తిపీట వాళ్ళు తెచ్చుకుని ఆడవాళ్ళంతా చావడిలో బారుగా కూర్చుని కూరలు తరుగుతారు. నేను పలకరిద్దామని వెళ్ళాను. ముప్పై ఒక్క కత్తిపీటలు, అన్నీ కొత్తవి. గుమ్మడికాయలు వెన్నముద్దల్లా తెగి పడుతున్నాయి. ఆఖరి వరసలో ఎండ పడుతోంది. కత్తుల నీడ నేల మీద పడి, ఆ నీడల మధ్యలో గుండ్రంగా వెలుగు చుక్కలు కనబడ్డాయి.

ప్రతి కత్తికీ చిల్లు ఉంది. మేకుకి తగిలించుకునే చిల్లు మధ్యలో ఉంటుందా, చివర ఉంటుందా? కమాను పట్టీకి మాత్రం సరిగ్గా నట్టనడుమ ఉంటుంది. కట్టలోని పట్టీలన్నిటినీ కలిపి బిగించే బోల్టు దూరేది అందులోంచే. ఆ చిల్లు నేను నా జీవితంలో కొన్ని వేలసార్లు చూశాను. ఐదు రోజులుగా రోజుకి రెండు పూటలా, బెండకాయలు తరుగుతూ కూడా చూశాను.

శాలువాతోనే ఊరి కిందకి దూరాను.

మజిలీ 215
తూకపు గుండు: ఐదు. శాలువా: గ్రీజు.

గోనెలన్నీ కోసి లెక్క పెట్టాను. కట్టకి తొమ్మిది ఉండాల్సిన పట్టీలు కొన్నిట్లో ఎనిమిది, కొన్నిట్లో ఏడు. ప్రెసిడెంటు గారి ఇంటి కింద ఆరు. ఊరు ఉయ్యాల కాక ఇంకేమవుతుంది?

కమ్మరి గంగాచలం కొలిమి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడి, మళ్ళీ నా మొహం చూసి కూర్చున్నాడు.

"పట్టీ తెచ్చి ఇచ్చారండి, కత్తిపీట చేసిచ్చానండి. మంచి ఉక్కు కదండీ, ఊరికే పారేసుకుంటే పాపం."

"ఎక్కడిదని అడగలేదా?"

"అడగడం మర్యాద కాదు కదండీ, ఆయ్."

"మొట్టమొదట ఎవరు తెచ్చారు?"

గంగాచలం కొలిమి తిత్తి వైపు చూశాడు. సుత్తి వైపు చూశాడు. చూడటానికి ఇంకేమీ మిగలక నా వైపు చూశాడు.

"మీ ఇంటాయనేనండి."

అక్కడి నుంచి నేరుగా ఇంటికి వచ్చాను. మా ఆయన మంచం నవారు బిగిస్తున్నారు.

"చెప్పండి," అన్నాను.

"ఏం చెప్పమంటావు?"

"మన ఇంటి కింద తొమ్మిది ఉండాల్సిన చోట ఎనిమిది ఎందుకున్నాయో చెప్పండి."

ఆయన నవారు వదల్లేదు. బిగిస్తూనే, "తెల్లారితే గోడ పట్టుకుని లేస్తున్నావు తాయారూ. ఊరందరికీ కుదుపు తగలకుండా చూస్తావు. నీ నడుం ఎవరు చూస్తారు? ఒక్క పట్టీ తీస్తే కాస్త మెత్తబడుతుంది కదా అనుకున్నాను. నీకు చెబితే తీయనిస్తావా? మర్నాడు నువ్వు గోడ పట్టుకోకుండా లేచావు. పళ్ళు తోముకుంటూ పాట కూడా పాడేవు. నాకు సంతోషం ఆగక పక్కింటాయనతో అనేశాను," అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. కోపం వల్ల అని ఆయనతో చెప్పాను. అందులో సగమే నిజం.

మజిలీ 216
తూకపు గుండు: ఐదుంబావు.

చావడిలో పంచాయితీ పెట్టించాను. గ్రీజు మాట అబద్ధమని చెప్పి, శాలువా కొండలరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టారు.

"మేస్త్రిగారూ, తప్పంతా మాదంటే ఎలాగండి?" అన్నారు. "మీ ఇంటి కింద పట్టీ తీశారని తెలిసిందండి. ఊళ్ళో ఆచారం ఏంటండి? మేస్త్రి ఇంటి కింద ఏదుంటే అదే మంచిదని కదండీ? మేస్త్రే తీయించుకున్నాక మేం తీస్తే ఏమవుతుందిలే అనుకున్నామండి."

"మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ?"

"మీరు మీ ఇంటి వరకూ సుఖం చూసుకుని మాకు చెప్పలేదు కదాండి. అందుకని మేమూ మీకు చెప్పలేదండి."

కట్టల లెక్క బిగ్గరగా చదివాను.

బుల్లెబ్బాయి లేచి, వేగం తగ్గించి వంపు దాటడం కుదరదని చెప్పాడు. వంపు దాటగానే నిటారుగా ఎక్కాలి. అక్కడ ఊపు లేకపోతే ఊరు వెనక్కి జారుతుంది. ఆగిపోదామన్నా లాభం లేదు, వెనకాల ఎండ గీత ఉంది. కత్తిపీటలు మళ్ళీ పట్టీలు చేద్దామంటే గంగాచలం అడ్డంగా తల ఊపాడు. రెండు కొనలూ కోసి సానబెట్టిన ఉక్కు మళ్ళీ బరువు మోయదు.

"గీత దాటితే ముందు పడేది ఏ ఇల్లండి?" అని ఎవరో అడిగారు.

"తోక చివరిది," అన్నాను. "మాదే."

అది విని ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు. అందుకు వాళ్ళని కొంత క్షమించాను.

మజిలీ 217
తూకపు గుండు: ఐదున్నర.

నిద్ర లేదు, ఆకలి లేదు, వంట మాత్రం తప్పదు. ఆనపకాయ ముందేసుకుని ఆ పాపిష్టి కత్తిపీట ముందు కూర్చున్నాను. కాయ గట్టిది. పీట కదలకుండా కాలితో తొక్కిపెట్టి, బరువంతా వేసి కోశాను. పీట చెక్కు చెదరలేదు. నల్లతుమ్మ చెక్క. గంగాచలం పీటలు తుమ్మ చెక్కతోనే చేస్తాడు. ఏనుగు తొక్కినా అణగదు.

కాయ సగంలో వదిలేసి లేచాను.

మెత్తబడ్డ కట్టని గట్టిపరచలేను. కానీ అది కిందకి దిగకుండా చేయగలను. కట్టకీ పైన ఛాసిస్ దూలానికీ మధ్య ఖాళీలో గట్టి చెక్క ఇరికిస్తే, వంపులో లోయ వైపు కట్టలు అణగబోయి చెక్కకి తగిలి ఆగిపోతాయి. అణగకపోతే ఊరు వాలదు. ముప్పై రెండు ఇళ్ళకీ ముప్పై రెండు పీటలు. రెండేసి ముక్కలు కోస్తే అరవై నాలుగు. కట్టలూ అరవై నాలుగే.

మా ఆయన రంపం పట్టుకుని ముందు మా పీటే కోశారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. తలుపులు పట్టేసిన ఇళ్ళలో పీటలు కిటికీల్లోంచి అందించారు. కొండలరావు గారి భార్య తమ పీట ఇస్తూ, "మరి కూరలు ఎలా తరుక్కోవాలమ్మా?" అని అడిగింది.

"మూడు రోజులు పచ్చడి మెతుకులు తినండి."

"మరి కుదుపులో?"

"నిలబడి తినండి."

మజిలీ 218

జాకీలెత్తి అరవై నాలుగు ముక్కలూ ఇరికించాం. నేనూ, మా ఆయనా, గంగాచలం, ఇంకా పదిహేను మంది. ప్రెసిడెంటు గారు కూడా పంచె ఎగ్గట్టి దూరారు. ఇరుక్కున్నారు. లాగాం.

రుబ్బురోళ్ళూ నీళ్ళ పీపాలూ అన్నీ కొండ వైపు గోడలకి కట్టించాను. సాయంత్రం ఒక మైలు నడిపి చూశాం. గుండు రెండున్నర. బుల్లెబ్బాయి దిగి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"ఊరు మళ్ళీ నా చేతికొచ్చిందమ్మా. తిప్పితే తిరుగుతోంది, ఆపితే ఆగుతోంది. పళ్ళు రాలిపోతున్నాయి గానీ హాయిగా ఉందండి."

మజిలీ 219
తూకపు గుండు: ఆరు.

దాటాం.

అక్షరాలు బాగా లేకపోతే తప్పు రోడ్డుది. వంపు మొదలవుతుండగా అందరినీ కొండ వైపు గోడలకి ఆనుకుని కూర్చోమన్నాను. నేను చావడిలో గుండు ముందు కూర్చున్నాను. నా పక్కన మా ఆయన. మా ఇంట్లో ఒక్కరూ ఉండక్కర్లేదని చెప్పాను గానీ ఇల్లు కూడా పోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఇంట్లో పుట్టాను.

గుండు మూడు, నాలుగు, ఐదు. ఐదు దగ్గర కింద నుంచి టకటకమని చప్పుళ్ళు మొదలయ్యాయి. ముందర వీధి నుంచి తోక దాకా కట్టలు ఒక్కొక్కటీ వెళ్ళి చెక్కకి తగులుతున్నాయి. ఆ చప్పుడు నేను బతికుండగా మరిచిపోను. ఆరు. గుండు అక్కడ వణుకుతూ నిలబడింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నేను దేవుడికి దండం పెట్టలేదు, గంగాచలం తుమ్మ చెక్కకి పెట్టాను. గుండు ఐదుకి వచ్చింది. తర్వాత మూడు.

నష్టం: ఊరగాయ జాడీలు నాలుగు, నుదుటి బొప్పులు పదకొండు, ప్రెసిడెంటు గారి పళ్ళ సెట్టు ఒకటి. అది ఊడి పడి నడిమి వీధి దాకా దొర్లింది. తెచ్చిచ్చాం.

మజిలీ 221
తూకపు గుండు: రెండున్నర.

ఊళ్ళు కలిసే చోటికి చేరాం. చెక్కలు తీయకుండానే పందెంలో దిగాం, తీస్తే వేయడానికి పట్టీలు లేవు కదా. మా గ్లాసులో చివరికి మిగిలింది ఒక కరివేపాకు రెబ్బ. మజ్జిగ అంతా కొండలరావు గారి పంచె మీద ఉంది. ఆయన ఆ పంచెతోనే నా దగ్గరికి వచ్చి, గ్రీజు మరకల శాలువా మళ్ళీ కప్పి వెళ్ళిపోయారు. ఈసారి ఉపన్యాసం లేదు.

కప్పు మళ్ళీ ఐదో నంబరు వాళ్ళకే. మంచినీళ్ళ వంకతో నేను వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. కత్తిపీట గోడకి వేలాడుతోంది, నట్టనడుమ చిల్లుతో. వాళ్ళ మేస్త్రిని చెయ్యి పట్టుకుని ఊరి కిందకి లాక్కెళ్ళాను. ఆయన గోనె విప్పి చూసి అక్కడే కూలబడ్డాడు. వాళ్ళు వెళ్ళే దారిలోనూ కొడవలి వంపు లాంటిదే ఒకటుంది. మాకు ముందు పెద్ద వంపులు లేవు కాబట్టి మా వాళ్ళు పీట చెక్కలు సగం వాళ్ళకి ఇచ్చారు. మిగతావి వాళ్ళ కత్తిపీటలవి సరిపోతాయి.

మజిలీ 225
తూకపు గుండు: రెండు.

ఇనుప కొట్టు నుంచి తెచ్చిన కొత్త పట్టీలు వేయడం పూర్తయింది. కట్టకి తొమ్మిది. గోనె చుట్టలేదు. ధూళి పడితే రోజూ నేనే తుడుస్తాను. తలుపులు పడుతున్నాయి. మజ్జిగ తొణుకుతోంది. తప్పు ఎవరిదని ఈ పుస్తకంలో రాయమని పంచాయితీ అడిగింది: గ్రీజు అని చెప్పిన మేస్త్రిది. సంతకం చేశాను.

ఇంటికి వచ్చేసరికి నడుం ఎప్పటిలాగే పట్టేసింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్తే మంచం లేదు. ఉంది, కానీ నేల మీద లేదు. మా ఆయన నాలుగు కోళ్ళకీ గొలుసులు వేసి దాన్ని ఇంటి దూలానికి వేలాడదీశారు.

"పట్టీ ముట్టుకోలేదు," అన్నారు ముందే, చేతులు రెండూ పైకెత్తి. "కావాలంటే వెళ్ళి లెక్క పెట్టుకో."

వెళ్ళి లెక్క పెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి. వచ్చి పడుకున్నాను. ఊరు కదిలింది, గుంతల్లో పడింది, ఇల్లు దడదడలాడింది, మంచం మాత్రం గాలిలో నెమ్మదిగా ఊగింది. ఆయన నేల మీద కూర్చుని, మంచం ఎంత ఊగుతోందో పట్టె పక్కన వేళ్ళు పెట్టి శ్రద్ధగా కొలుస్తున్నారు. ఆ లెక్క కూడా రాసుకోమన్నారు, రాస్తున్నాను.

మేస్త్రి: నాలుగు వేళ్ళు.